ఫారంలో ఆ ఒక్క గడి

(తొమ్మిదో భాగం)

కిందటి వారం ప్రవీణను దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు మీది చీరల షోరూంలో, రెండో అంతస్తులో, తెల్ల పరుపు మీద, ఒళ్ళో విప్పిన గద్వాల చీరతో వదిలి వచ్చాం. ఆషాఢం సేల్ మూడో రోజు. మెట్లెక్కి వచ్చిన మనిషిని చూసి ఆమె చేతిలోని చీర చేతిలోనే ఉండిపోయింది. వచ్చింది అత్త అండాలమ్మ. చెప్పులు కింద వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతారని చేతిసంచిలో పెట్టుకుని మరీ వచ్చింది. హాస్టల్లో డెబ్బై మంది ఆడపిల్లలకు వంట చేసే మనిషి పట్టపగలు పన్నెండింటికి పొయ్యి వదిలి బయటికి రాదు. వచ్చిందంటే కొంప మునిగిందన్నమాట.

ఈ వారమే మనతో కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ప్రవీణకూ ధనరాజుకూ ఒక్కతే కూతురు, ప్రణతి. మూడేళ్ళు నిండి నెలయింది. జ్వరం ఎక్కువైతే ఆ పిల్లకు ఫిట్స్ వస్తాయి. ఇప్పటికి రెండుసార్లు వచ్చాయి. ఐదారేళ్ళు వచ్చేసరికి అవే పోతాయి, భయపడకండి అన్నాడు డాక్టరు. భయపడొద్దని చెప్పినంత సులువు కాదు భయపడకుండా ఉండటం. ధనరాజు గూడ్స్ వ్యాను తోలుకుంటూ వారానికి నాలుగు రోజులు సూర్యాపేట, కోదాడ రోడ్ల మీదే ఉంటాడు. ఇన్నాళ్ళూ పిల్లను అండాలమ్మే తనతో హాస్టలుకు తీసుకుపోయేది. మరిగే సాంబారు గుండిగకు మూరెడు దూరంలో పిల్ల ఆడుకోవడం కళ్ళారా చూసిన రోజున ప్రవీణ డే కేర్ల వేట మొదలుపెట్టింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో చూసినదానికి మెట్ల దగ్గర అడ్డుతలుపు లేదు, ఆమే వద్దనుకుంది. కొత్తపేటలో చూసింది అద్దంలా ఉంది, గదికో కెమెరా కూడా ఉంది. ఫిట్స్ అన్న మాట చెవిన పడగానే అక్కడి మేడం “సారీ అండీ, మేం రిస్క్ తీసుకోలేం” అని ఫారం వెనక్కి లాక్కుంది. ఇంటి పక్కనే, చంపాపేట్‌లో ఉన్న మూడోది పొద్దున సరేనంది, సాయంత్రానికి ఫోన్ చేసి సీట్లు నిండిపోయాయంది. నాలుగోది ఎల్‌బీ నగర్‌లో సుమిత్రమ్మగారిది. బాత్రూం తలుపుకు లోపలి గొళ్ళెం తీసేశారు. నీళ్ళ డ్రమ్ములన్నింటికీ మూతలున్నాయి. వంటగదికి పిల్లలు తీయలేని గడియ ఉంది. ఎనిమిది మంది పిల్లలకు ఒక ఆయా. గేటు దగ్గర రోజూ ప్రతి పిల్లకూ జ్వరం చూస్తారు, వంద ఉంటే లోపలికి రానివ్వరు. ప్రవీణ ఇరవై ప్రశ్నలు అడిగింది. సుమిత్రమ్మ అన్నింటికీ విసుక్కోకుండా జవాబు చెప్పి, తను మాత్రం ఫారంలో ఒక్క గడి చూపించింది. పిల్లకు ఫిట్స్, అలర్జీ, వేరే జబ్బులేమైనా ఉన్నాయా?

పక్కనే కూర్చున్న అండాలమ్మ కోడలి మోచేయి గిల్లింది. “శుభమా అని మొదటి కాయితం మీదనే రోగం రాస్తవా? ఆడపిల్ల. రేపు నలుగురి నోళ్ళల్ల పడితే ఎట్ల?” అని చెవిలో గొణిగింది. రెండు చోట్ల నిజం చెప్పి రెండు చోట్లా కాదనిపించుకున్న ప్రవీణ ఆ గడిలో ‘లేవు’ అని రాసింది. ఊరంతా గాలించి పిల్లకు భద్రమైన చోటు వెతికి, ఆ చోటుకే అబద్ధం చెప్పింది. ఇది జరిగి నాలుగు రోజులు.

* * *

సేల్ రోజుల్లో పనివాళ్ళ తాలూకు మనుషులు పైకి రాకూడదని షోరూంలో కట్టడి. పొద్దున పదింటికి అమ్మాయిలందరి ఫోన్లూ స్టీలు డబ్బాలో పడతాయి, ఒకటిన్నరకు అన్నానికి లేచినప్పుడే బయటికొస్తాయి. ఆ డబ్బా తాళం ఫ్లోర్ మేనేజర్ మల్లికార్జునరావు జేబులో ఉంటుంది. ఆయన చెడ్డవాడేం కాదు. కాకపోతే స్తంభం దగ్గర నిలబడ్డాడంటే ఏ పరుపు మీద ఎవరు ఊరికే కూర్చున్నారో ఆ కళ్ళకు తెలిసిపోతుంది.

అండాలమ్మకు ఈ సంగతులన్నీ తెలుసు. అందుకే కోడల్ని పలకరించలేదు. వచ్చి ఎదురుగా పరుపు అంచున కొనుగోలుదారులా కూర్చుంది. కొంగుకు పసుపు మరకలు, ముంజేతి మీద పిండి.

“గా చీర చూపియ్యి,” అంది, వేలు ఎటు చూపిస్తోందో తనే చూసుకోకుండా.

“ఏమైంది అత్తమ్మా?” అంది ప్రవీణ పెదవులు కదలకుండా.

“చూపియ్యి ముందుగాల. గా సారు మనదిక్కే చూస్తుండు.”

ప్రవీణ వెనక్కి తిరిగి అందిన చీర తీసింది. ఏం తీసిందో ఆమెకు తెలియదు. మడత విప్పి పరుపు మీద పరిచింది. ఆకుపచ్చ మీద ఎర్ర అంచు. అండాలమ్మ అంచు పట్టుకుని పరీక్షగా చూస్తున్నట్టు తల వంచింది.

“పొద్దుగాల నువ్వు స్నానానికి పోయినప్పుడు బిడ్డ ఒళ్ళు కాలుతుండె.”

ప్రవీణ చేతులు చీర మీద ఆగిపోయాయి.

“ఇంకోటి తియ్యి. ఆపకు,” అంది అత్త.

ఇంకోటి తీసింది. నెమలికంఠం రంగు. పల్లూ విప్పి తన భుజం మీద వేసుకుని చూపించాలి. వేసుకుంది.

“కాలుతుంటే?”

“మందు తాపిన.”

“ఏం మందు?”

“గదే, జ్వరం సిరప్. నువ్వు తాపేదే. చిన్న మూతల గీత దాక పోసి తాపిన.”

“ఎన్నింటికి?”

“ఆరున్నర గావొచ్చు.”

ప్రవీణ మనసులో గంటలు లెక్కపెట్టింది. పావు తక్కువ తొమ్మిదికి తను గేటు దగ్గర పిల్లను దించింది. ఆయా శివమ్మ నుదుటికి మిషన్ పెట్టి “తొంభై ఎనిమిది, బంగారు తల్లికి ఏం లేదు” అంది. తను సంతోషంగా చెయ్యి ఊపి మెట్రోకు పరుగెత్తింది. ఆ తొంభై ఎనిమిది పిల్లది కాదు, సిరప్‌ది. మందు జ్వరాన్ని రెండు గంటలు మూలకు నెట్టింది, సుమిత్రమ్మ గేటును దాటించింది, అంతే. ఇప్పుడు పన్నెండు దాటింది.

“నాకెందుకు చెప్పలే?” గొంతు లేవకుండా అడగడానికి ఆమెకు ఉన్న బలమంతా కావాల్సి వచ్చింది.

“చెప్తే నువ్వు ఇంట్ల కూసుంటవ్. పోయిన నెలల రెండు దినాలు నాగా పెట్టినవ్. మళ్ళొకసారి పెడితే ఇంటికే అని మీ సారు అన్నడని నువ్వే ఏడుస్తివి గద. నేను ఆగుదామంటే హాస్టల్ల నాకు బదులు మనిషి లేదు. జర వెచ్చగుంటే గేటుకాడ తిరగగొడ్తరు. ఒక్కనాడే గద, ఏమైతదిలే అనుకున్న.”

కాదనడానికి లేదు. ఏడ్చింది. నౌకరి పోతే ఇంటి కిరాయి ఎట్ల అని వారం కిందట వంటింట్లో అత్త భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆ ఏడుపును అండాలమ్మ మనసులో పెట్టుకుంది. ప్రేమ కొద్దీ చేసిన పనికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? అయినా కోపం వచ్చింది. ముందున్న ముసలామె మీద, తన మీద, ఆ డబ్బా మీద, పరుపు మీద పోగుపడుతున్న చీరల మీద కోపం వచ్చింది.

“ప్రవీణా, అమ్మగారికి ఏం చూపిస్తున్నావు?” మల్లికార్జునరావు ఎప్పుడొచ్చాడో వెనకే ఉన్నాడు. “బరువు పట్టు వద్దంటే ఉప్పాడ తీయి. కొత్త సరుకు నిన్ననే దిగింది. వయసులో పెద్దవాళ్ళకి తేలిగ్గా ఉంటుంది.”

“ఇదెంతకిస్తరు సారు?” అంది అండాలమ్మ. పుట్టి బుద్ధెరిగి ఆ షోరూంలో నూలుపోగు కొనని మనిషి ఎక్కడలేని దర్జాతో అడిగింది.

“ఆషాఢం తగ్గింపు పోను ఆరువేల రెండొందలమ్మా.”

“రంగు నిలుస్తదా?”

“మాదే పూచీ.”

“ఇంకో రెండు చూసి చెప్త.”

ఆయన తృప్తిగా పక్క పరుపు వైపు జరిగాడు. దొంగకు తేలు కుట్టినట్టుంది ప్రవీణ పరిస్థితి. అరవడానికి లేదు, కూర్చోవడానికీ లేదు.

“మరి ఇప్పుడెందుకొచ్చినవ్?” అంది ఉప్పాడ చీర విప్పుతూ.

“మా హాస్టల్ల ఒక పొల్ల ఉంది. దానికీ జ్వరమే. తెల్లారంగ గోలీ ఏసుకొని కోచింగుకు పోయింది. పదకొండున్నరకు ఇద్దరు పట్టుకొని తోలుకొచ్చిండ్రు. గజగజ వణుకుతుంది. మంచిగైంది అంటివి గదనే అని అడిగితే, ‘గోలీ పనిచేసేది ఐదారు గంటలే ఆంటీ, తర్వాత మళ్ళ లేస్తది’ అన్నది.” అండాలమ్మ చీర అంచు వదిలేసింది. “గప్పుడు మన బిడ్డ యాదికొచ్చె. మనదానికి లేస్తే ఎట్లనే? నీ ఫోను డబ్బల ఉంటది. గా మేడం నంబరు నా దగ్గర లేదు. పప్పు పొయ్యి మీదనే ఇడిశిపెట్టి ఉరికొచ్చిన.”

ప్రవీణ లేచింది. సగం విప్పిన ఉప్పాడ చీర కాళ్ళకు చుట్టుకుంటే తన్నుకుని బయటపడింది.

“సార్, నా ఫోన్ కావాలె.”

మల్లికార్జునరావు గడియారం చూశాడు. “ఒకటిన్నరకమ్మా.”

“నా బిడ్డకు పానం మంచిగ లేదు సార్. నేను పోవాలె.”

“ఎవరు చెప్పారు నీకు? ఫోన్ నా దగ్గరుంటే నీకెలా తెలిసింది?” ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. రోజుకో అమ్మాయి ఏదో ఒక వంక చెబుతూనే ఉంటుంది మరి.

ప్రవీణ నోరు తెరిచేలోపల వెనక నుంచి అండాలమ్మ లేచి నిలబడింది. “నేను చెప్పిన సారు. నేను దీని అత్తను. నాకు ఏ చీరా వద్దు. నన్ను ఎన్ని తిట్టినా పడ్త, ముందు గా ఫోనియ్యుండ్రి.”

పరుపు మీద తొమ్మిది చీరలు గుట్టపడి ఉన్నాయి. ఆయన వాటిని చూశాడు, సంచిలోంచి తొంగిచూస్తున్న రబ్బరు చెప్పుల్ని చూశాడు, ప్రవీణ ముఖం చూశాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు.

“వెళ్ళు. రేపటి సంగతి మాత్రం నా చేతుల్లో లేదమ్మా, ఓనరుగారి ఇష్టం,” అన్నాడు ఫోన్ అందిస్తూ.

తెరమీద ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఏడూ సుమిత్రమ్మవే.

* * *

కింద రోడ్డు మీద బస్సులు, ఆటోలు ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడిపోయి ఉన్నాయి. చినుకు మొదలైంది. ఆటో ఎక్కితే కొత్తపేట దాటేసరికే అరగంట పడుతుంది. ఇద్దరూ మెట్రో మెట్లెక్కారు. అండాలమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఈ రోజు అవి గుర్తున్నట్టు లేదు, కోడలికంటే ముందే పైకి చేరింది.

ప్లాట్‌ఫాం మీద నిలబడి ఫోన్ చేస్తే మొదటిసారి ఎంగేజ్ వచ్చింది. రెండోసారి ఎత్తారు.

“ప్రవీణా! ఎన్నిసార్లు చేశానమ్మా నీకు? మీ ఆయనకీ చేశాను, ఆయన ఫోను కలవటం లేదు.” సుమిత్రమ్మది గుంటూరు వైపు యాస. ముప్పై ఏళ్ళుగా ఎల్‌బీ నగర్‌లో ఉన్నా అది చెక్కుచెదరలేదు. “కంగారుపడకు. పాపకి ఒళ్ళు వెచ్చబడింది. పదకొండున్నరకి వంద ఉంది, ఇప్పుడు నూటొకటి. తడిగుడ్డతో తుడుస్తున్నాం. కాస్త మగతగా పడుకుంది. నువ్వొచ్చి తీసుకెళ్ళు.”

“వస్తున్న మేడం. దారిలనే ఉన్న.”

“ఒక్క మాటమ్మా. పొద్దున గేటు దగ్గర తొంభై ఎనిమిదే ఉంది. మూడు గంటల్లో ఇట్టా ఎక్కిందంటే నాకేదో అనుమానంగా ఉంది. మందు వేసి గానీ తీసుకొచ్చావా? వేస్తే చెప్పు, ఏమీ అనను. ఎన్నింటికి వేశారో తెలిస్తే మళ్ళీ ఎప్పుడు వెయ్యాలో చూసుకుంటాం.”

అండాలమ్మ ఫోనుకు చెవి ఆనించి వింటోంది. కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది. తల అడ్డంగా ఊపింది.

నిజం చెబితే ఆ వెనకే ఇంకో నిజం చెప్పాలి. అది కూడా బయటపడితే ఈ తలుపూ మూసుకుంటుంది. ఇంకెంత, పావుగంట. వెళ్ళి పిల్లను ఎత్తుకుని ఇంటికి తెచ్చుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు.

“లేదు మేడం,” అంది ప్రవీణ.

“సరే, రా అమ్మా.” సుమిత్రమ్మ పెట్టేసింది.

రైలు వచ్చింది. మధ్యాహ్నం వేళ కాబట్టి ఖాళీగానే ఉంది. అత్తాకోడళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. అండాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, “మంచి పని చేసినవ్. పోయి తెచ్చుకుందాం. మల్ల ఎన్నడు గిట్ల చెయ్య, నీ మీద ఒట్టు,” అంది. తనకే ధైర్యం చెప్పుకుంటున్నట్టుంది.

పిల్లకు మొదటిసారి ఫిట్స్ వచ్చిన రోజు ప్రవీణకు గుర్తొచ్చింది. పద్నాలుగు నెలల పిల్ల, నల్గొండ దగ్గర చుట్టాల పెళ్ళి, పందిట్లో అందరి మధ్య పిల్ల కళ్ళు పైకి వెళ్ళిపోయి చేతులు కొట్టుకోవడం మొదలైంది. పదిమంది చుట్టూ మూగారు. ఎవరో ఇనుప తాళంచెవి తెచ్చి పిడికిట్లో కుక్కారు. ఎవరో ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. ఒకాయన నాలుక కరుచుకుంటుందని పళ్ళ మధ్యకు చెంచా జొనిపాడు. చిగుళ్ళు చీరుకుపోయి రక్తం గొంతులోకి దిగి పిల్ల నీలంగా మారింది. మరునాడు డాక్టరు ఆ గాయం చూసి తలపట్టుకున్నాడు. “ఫిట్స్ వల్ల కాదమ్మా, చెంచా వల్ల పోయేది మీ పాప,” అన్నాడు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు, ఎన్ని నిమిషాలైందో గడియారం చూడాలి. ఆ మూడు మాటలు అతను ఆమెతో మూడుసార్లు తిరిగి చెప్పించాడు.

ఆ మూడు మాటలు శివమ్మకు ఎవరు చెప్పారు?

ఎవరూ చెప్పలేదు. శివమ్మ మంచిది, పిల్లల్ని కడుపులో పెట్టుకుని చూస్తుంది. అంతే ప్రేమగా చెంచా కూడా తెస్తుంది. ఆ పెళ్ళి పందిట్లో చెంచా జొనిపినవాడు కూడా పిల్లను బతికించాలనే చూశాడు.

చైతన్యపురి దాటేలోగా ప్రవీణ మళ్ళీ ఫోన్ తీసింది.

“ఎవరికే?” అంది అండాలమ్మ.

“మేడంకు. మొత్తం చెప్త.”

“పిచ్చిదానివా? రెండే స్టేషన్లు. నోరు మూసుకొని పోయి తెచ్చుకుందాం. చెప్పినంక రేపు ఏ ముఖం పెట్టుకొని పోతవ్? బిడ్డను ఎవలు పట్టుకుంటరు? నౌకరి ఎట్ల పోతవ్?”

“నౌకరి ఇప్పటికే పోయిందనుకుంట అత్తమ్మా.”

ఫోన్ వెంటనే ఎత్తారు. ఈసారి ప్రవీణ పలకరింపులు లేకుండా చెప్పేసింది. ఎక్కడ ఆగితే మళ్ళీ నోరు రాదో అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

“మేడం, నేను అబద్ధం చెప్పిన. ఆరున్నరకు మా అత్తమ్మ జ్వరం మందు తాపింది. నాకు ఇప్పుడే ఎరుకైంది. ఇంకోటి మేడం. నా బిడ్డకు జ్వరమొస్తే ఫిట్స్ వస్తయి. రెండుసార్లు వచ్చినయి.”

ఫిట్స్ అన్న మాటకు ఎదురు సీట్లో కూర్చున్నావిడ తలెత్తి చూసింది. తలుపు దగ్గర నిలబడ్డ కాలేజీ పిల్లలు మాటలు ఆపారు. రెండేళ్ళుగా బయటివాళ్ళ చెవిన పడకూడదని అండాలమ్మ దాచిన మాట అది. అండాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయింది.

అవతల ఎక్కడో పిల్లలు అన్నం ప్లేట్ల మీద చెంచాలతో కొడుతున్న చప్పుడు వస్తోంది.

“ఫారంలో లేవని రాశావు కదమ్మా,” అంది సుమిత్రమ్మ.

“రాసిన మేడం.”

“ఎందుకు?”

“రెండు జాగల చెప్పిన. ఎవలూ తీసుకోలే. మీరు కూడా తీసుకోరని రాసిన.”

“నేను తీసుకోనని నీకెవరు చెప్పారు?”

ప్రవీణ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు ఆ తల్లి.

“సరే, అదంతా తర్వాత,” అంది సుమిత్రమ్మ. నడుస్తున్నట్టుంది, గొంతు ఊగుతోంది. “పడకగదిలోకి వెళ్తున్నా. శివమ్మ పక్కనే కూర్చుంది. వస్తే ఏం చెయ్యాలో చెప్పు, మీ డాక్టరేమన్నాడో అది చెప్పు.”

“ఒక పక్కకు తిప్పాలె మేడం. నోట్ల ఏం పెట్టొద్దు. నీళ్ళు గూడ పొయ్యొద్దు. గడియారం…”

“ఆగు.”

చెప్పుల చప్పుడు ఒక్కసారి వేగమైంది. తర్వాత శివమ్మ గొంతు దూరం నుంచి వినిపించింది. ఎప్పుడూ జోలపాటలా నెమ్మదిగా ఉండే గొంతు అది.

“అమ్మా! అమ్మగారూ! గీ పొల్లను సూడుండ్రి, కండ్లు పైకి పెట్టింది! పండ్లు గిట్టకరుసుకున్నది! ఎవలన్న చెంచ తేండ్రి, జల్ది!”

“చెంచ వద్దూ!” ప్రవీణ లేచి నిలబడి అరిచింది. బోగీ అంతా ఆమె వైపు తిరిగింది. “నోట్ల పెట్టొద్దు మేడం! మీ కాళ్ళు మొక్కుత, చెంచ వద్దని చెప్పుండ్రి!”

“శివమ్మా, చెంచా అవతల పారెయ్. పాపని నా వైపు తిప్పు. మెల్లిగా. మెడ కింద చెయ్యి పెట్టు. అంతే, చేతులు నొక్కిపట్టుకోకు, వదిలెయ్.” సుమిత్రమ్మ ఫోను ఎక్కడో కింద పెట్టి మాట్లాడుతోంది. ఒక్కో మాటా స్పష్టంగా వినిపిస్తోంది. “ఎవరక్కడ, గోడ గడియారం చూసి నిమిషాలు చెబుతూ ఉండండి. మిగతా పిల్లల్ని అటు గదిలోకి తీసుకెళ్ళండి.”

అండాలమ్మ లేచి కోడలి భుజం పట్టుకుంది. “ఏమైందే? ఏమైంది బిడ్డకు?” అంటోంది. ప్రవీణ ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. ముసలామె సీటులో కూలబడింది.

“ప్రవీణా, వింటున్నావా?” ఫోను మళ్ళీ సుమిత్రమ్మ చేతికి వచ్చింది. “పక్కకి తిప్పాం. నోట్లో ఏమీ పెట్టలేదు. ఊపిరి ఆడుతోంది. మా పక్కింటాయన కారు తీస్తున్నాడు. ఎంతసేపటికి తగ్గుతుంది మామూలుగా?”

“రెండు నిమిషాలకు తగ్గింది మేడం, రెండుసార్లు గూడ.”

“తగ్గకపోతే? ఐదు నిమిషాలు దాటితే ఇవ్వమని మందేమైనా ఇచ్చాడా డాక్టరు?”

“ఇచ్చిండు. ముక్కుల కొట్టే స్ప్రే ఉంది.”

“హమ్మయ్య. పాప బ్యాగు ఇక్కడే ఉంది. ఏ అరలో పెట్టావు?”

జిప్పు తీస్తున్న చప్పుడు వినిపించింది. లంచ్ బాక్సు, మారు బట్టలు, దువ్వెన ఒక్కొక్కటే బయటికి తీస్తున్నారు. ప్రవీణ తన హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టింది. వేళ్ళకు చిన్న ప్లాస్టిక్ సీసా తగిలింది. దాని మీద ఫార్మసీవాళ్ళు అంటించిన చీటీ, చీటీ మీద ప్రణతి పేరు, అది దేనికోసమో నాలుగు మాటల్లో రాసి ఉంది. పిల్ల బ్యాగులో పెడితే ఆ చీటీ సుమిత్రమ్మ చదువుతుందని, నాలుగు రోజులుగా ఆ సీసాను తన బ్యాగులోనే వేసుకుని తిరుగుతోంది.

“ఇక్కడ కనబట్టం లేదమ్మా. ఏ అరలో?”

“ఆ బ్యాగుల లేదు మేడం.”

“మరెక్కడుంది?”

రైలు విక్టోరియా మెమోరియల్ స్టేషన్లో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎల్‌బీ నగర్‌కు ఇంకా ఒక స్టేషన్ ఉంది, దిగాక సుమిత్రమ్మ ఇంటికి ఆటోలో ఐదు నిమిషాల దారి.

“నా చేతుల ఉంది,” అంది ప్రవీణ.

ఫోనులో సుమిత్రమ్మ వెనక నుంచి ఎవరో గడియారం చూసి చెబుతున్నారు.

“మూడు నిమిషాలైందండీ. ఇంకా ఆగలేదు.”